పురుగుల చదువు మన ఊళ్ళోనే కావాలి

రైతు సంఘం పత్రికలో సీతాకోకచిలుకల గురించి రాయడమేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. గిట్టుబాటు ధర, పంటల బీమా, బ్యాంకు రుణాలు, కరెంటు... ఇన్ని సమస్యలుండగా పురుగుల ముచ్చట దేనికని అనుకోవచ్చు. ఒక ఎకరా టమాటా పెట్టిన రైతు ఖర్చుల పద్దు ముందు పెట్టుకుని చూడండి. నారు, ఎరువులు, కట్టెలు, కూలీల పక్కన పురుగు మందుల అంకె ఎంతుందో లెక్క వేయండి. ఆ అంకెను మనకు బదులుగా మందుల దుకాణం నిర్ణయిస్తోంది. చేలో ఉన్న పురుగేదో, అది పంటను ఎంత తింటుందో, దాన్ని తినే పురుగు ఏదో చెప్పే మనిషి ఊళ్ళో లేకపోవడమే దానికి కారణం. కాబట్టి ఇది సంఘం పట్టించుకోవాల్సిన విషయమే.

బన్నేరుఘట్టలో చూసింది

హిందూపురం వైపు పల్లెల నుంచి మా సంఘం కుటుంబాలు కొన్ని కలిసి, వేసవి సెలవుల్లో ఒక వ్యాను మాట్లాడుకుని బెంగళూరు దక్షిణాన ఉన్న బన్నేరుఘట్ట పార్కుకు వెళ్ళాం. దుక్కులు ఇంకా మొదలుకాలేదు. పిల్లలకు పులులు, సింహాలు చూడాలని కోరిక. సఫారీ బస్సెక్కి ఆ కోరిక తీర్చుకున్నారు. అయితే అందరం ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం సీతాకోకచిలుకల పార్కులోనే.

ఏడున్నర ఎకరాల్లో ఏర్పాటు చేసిన ఈ పార్కును 2006లో తెరిచారు. గుండ్రటి కప్పు కింద పెద్ద పందిరిల్లు లాంటిది ఉంది. లోపల తేమ, నీటిధార, పూల మొక్కలు, వాటి మీద తిరిగే సీతాకోకచిలుకలు. పక్కనే మ్యూజియం. సీతాకోకచిలుకలను పెంచాలంటే పూలు ఒక్కటే చాలవు. పెద్ద పురుగు పూలలో తేనె తాగుతుంది కానీ దాని పిల్ల ఆకు తినాలి. అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు. ఒక జాతి నిమ్మ, కరివేపాకు మీద గుడ్డు పెడుతుంది. ఒకటి జిల్లేడు మీద పెడుతుంది. ఇంకొకటి ఆముదం ఆకు వెతుక్కుంటుంది. ఆ మొక్క లేకపోతే ఆ సీతాకోకచిలుక లేదు.

నలుపు రెక్కల మీద లేత పసుపు మచ్చలున్న ఒక సీతాకోకచిలుకను చూసి మా వెంట వచ్చిన ఒక పాప, "తాతా, ఇది మన చీనీ తోటలో తిరిగేదే కదా!" అంది. అవును, అదే. చీనీ, నిమ్మ నారుమళ్ళలో లేతాకును ఈనెల దాకా తినేసే పురుగు దీని పిల్లే. గుడ్డు పగిలిన కొత్తలో పక్షి రెట్టలా కనిపిస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఆ పాప ఊరుకోలేదు. "మనం మందు కొడతాం, వీళ్ళేమో ఆకు పెట్టి సాకుతున్నారు. ఎందుకట్ల?" అని అడిగింది.

జవాబు చెప్పింది వాళ్ళ అవ్వ. "నారుమడిలో ఉంటే చేత్తో ఏరి పారేస్తాం. ముదురు చెట్టు మీద నాలుగు పురుగులుంటే చెట్టుకేమైతుంది? వాటిని కాకులు, పిట్టలు చూసుకుంటాయిలే" అంది.

ఆ అవ్వ బడికి పోయిన మనిషి కాదు. కానీ ఆమె మాటలో మూడు లెక్కలున్నాయి. పురుగు ఏది, ఎన్ని ఉన్నాయి, మొక్క వయసెంత. వ్యవసాయ శాస్త్రవేత్తలు సమగ్ర సస్యరక్షణ పేరుతో చెప్పేది కూడా ఇదే. ఈ మూడింటిలో ఒక్కటి కూడా అడగకుండా దుకాణంలో డబ్బా చేతికి ఇస్తున్నారు. మా బృందంలో పురుగుల గుర్తులు ఎక్కువ తెలిసింది కూడా ఆడవాళ్ళకే. కలుపు తీసేది, కాయ కోసేది, పట్టుపురుగులకు ఆకు వేసేది వాళ్ళే కాబట్టి రోజూ పురుగును దగ్గర నుంచి చూస్తారు. మందు కొనే రోజున మాత్రం వాళ్ళను అడిగేవాళ్ళు లేరు.

అన్నీ శత్రువులు కావు

ప్రపంచంలో ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేర్లు పెట్టిన కీటకాలు దాదాపు 10 లక్షల జాతులు. అందులో పంటలకు నష్టం చేసేవి చాలా కొద్ది. మిగిలినవి మన పంటతో సంబంధం లేకుండా బతికేవి, లేదా మనకు పని చేసి పెట్టేవి.

పొద్దుతిరుగుడు వేసినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పూత మీద తేనెటీగలు తిరగకపోతే గింజ తాలు పోతుంది. అలాంటప్పుడు పలుచటి గుడ్డ చేతికి చుట్టుకుని పొద్దున పూట పువ్వు పువ్వునూ రుద్దమని అధికారులు సలహా ఇస్తారు. తేనెటీగ ఊరికే చేసే పనికి మనం కూలి ఇచ్చుకోవాలన్న మాట. దోస, బీర, గుమ్మడి, పుచ్చ తోటల్లోనూ కాయ పట్టాలంటే ఈగలు, తేనెటీగలు పువ్వు మీద వాలాల్సిందే.

అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. అల్లిక రెక్కల పురుగు పిల్ల పేనుబంకతో పాటు తెల్లదోమ పిల్లలను, పురుగుల గుడ్లను తింటుంది. గొల్లభామ, తూనీగ, సాలీడు కూడా వేటాడే రకాలే. ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి ఉంది. చీమ తలకాయంత కూడా ఉండదు. శనగపచ్చ పురుగు లాంటి వాటి గుడ్డులోనే తన గుడ్డు పెట్టి, శత్రువు పుట్టకముందే తుదముట్టిస్తుంది. దీనికి రంగురంగుల రెక్కలు లేవు కాబట్టి అద్దాల ఇల్లు కట్టి చూపించేవాళ్ళు లేరు. రైతుకు మాత్రం సీతాకోకచిలుక కంటే ఇదే ముందు తెలియాలి.

మా ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. మేం పురుగును మేపి బతికేవాళ్ళం. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టును నమ్ముకుని వేల కుటుంబాలు మల్బరీ సాగు చేస్తున్నాయి. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా దాదాపు నాలుగు వారాలు, నాలుగు జ్వరాలు దాటించి, పసిబిడ్డను సాకినట్టు పురుగును సాకుతారు. పక్క చేలో టమాటాకు కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు మేసిన పురుగులు గూడు కట్టకుండానే చచ్చిపోతాయి. అలా నాలుగో జ్వరం లేచిన పురుగులు తట్టలకు తట్టలు పారబోసుకున్న కుటుంబాలను మా పల్లెల్లో చూశాం. నష్టపోయింది రైతే, మందు కొట్టింది కూడా రైతే. ఇద్దరూ అన్నదమ్ముల వరసే. పంచాయితీ పెడితే ఎవరిని తప్పు పట్టాలి? టమాటా రైతుకు దుకాణంలో ఆ మందు ఇచ్చేటప్పుడు, "పక్కన మల్బరీ ఉందా? గాలి ఎటు వీస్తోంది?" అని అడిగినవాళ్ళు లేరు. పట్టుపురుగు నష్టానికి ఏ బీమా నుంచీ ఆ కుటుంబానికి పైసా రాలేదు.

దుకాణం వైద్యం ఎక్కడికి తెచ్చింది

మందు కొట్టగానే పురుగు రాలితే మనసు కుదుటపడుతుంది. కానీ ఆ మందుకు ముందు చచ్చేది చాలాసార్లు మిత్ర పురుగులే. శత్రు పురుగుల్లో తట్టుకుని మిగిలినవి మళ్ళీ పిల్లలు పెడతాయి, ఈసారి వాటిని తినేవి ఉండవు. అదే మందుకు ఆ పిల్లలు లొంగవు. దాంతో ఇంకో మందు, ఆపై రెండు మందులు కలిపి కొట్టడం. ఈ సుడిలో చిక్కుకున్నవాళ్ళ కథ తెలుగు రైతులకు కొత్త కాదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిని పొగాకు లద్దె పురుగు ముంచెత్తినప్పుడు మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు మాత్రం మిగిలాయి. ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం ఒంటికి, ఊపిరికి పట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు.

పాత పురుగులకు తోడు కొత్తవి వస్తున్నాయి. టమాటా ఆకును తొలిచి, కాయకు సూదిబెజ్జం చేసే పురుగు 2014లో మన దేశంలో బయటపడింది. మొక్కజొన్న సుడిని తినే కత్తెర పురుగు 2018లో మొదట కర్ణాటకలో కనిపించి దేశమంతా పాకింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను పీల్చేసి గుంటూరు నుంచి ఖమ్మం దాకా, మన అనంతపురం దాకా రైతులను నిలువునా ముంచింది. వీటి గుణం అవ్వకూ తెలియదు, తాతకూ తెలియదు. పాత తెలివి ఒక్కదానితో ఇప్పుడు గట్టెక్కలేం. ఇలాంటి సమయంలో శాస్త్రం తెలిసిన మనిషి చేలోకి వచ్చి రైతుతో కలిసి ఆకు తిప్పి చూడాలి. మిరప రైతు దగ్గరకు ఆ రోజుల్లో ముందుగా వచ్చినవాళ్ళు మాత్రం మందుల ఏజెంట్లు.

పట్నంలో కొందరు, "రైతులు విషం పండిస్తున్నారు" అని తేలిగ్గా అనేస్తారు. ఆ మందుకు అనుమతి ఇచ్చింది ప్రభుత్వం, తయారు చేసింది కంపెనీ, అమ్మకానికి లైసెన్సు ఇచ్చింది అధికారులు, మచ్చ లేని కాయే కావాలన్నది మార్కెట్టు. వీళ్ళందరినీ వదిలిపెట్టి వీపున ట్యాంకు మోసి, ఆ విషాన్ని అందరికంటే ముందు పీల్చే మనిషిని దోషిగా నిలబెట్టడాన్ని మనం ఒప్పుకోకూడదు.

రైతులు చదువుకున్న చోట ఏమైంది

ఇండోనేషియాలో వరిని సుడిదోమ నాశనం చేస్తున్న రోజుల్లో ఎంత మందు కొడితే దోమ అంత పెరిగేది. సాలీళ్ళు, దోమ గుడ్లను తినే పురుగులు ముందు చచ్చిపోవడమే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. 1986లో అక్కడి ప్రభుత్వం 57 రకాల పురుగు మందులను వరిలో వాడకూడదని నిషేధించింది. 1989 నుంచి రైతుల కోసం పొలంబడులు మొదలుపెట్టింది. వారానికొకసారి రైతులు గుంపుగా మడిలో దిగి, పురుగులను పట్టి, లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అన్నది తామే తేల్చుకునేవారు. మన రాష్ట్రానికి వచ్చిన పొలంబడికి మూలం అదే.

మన పక్కనే ఇంకో ఉదాహరణ. 2008లో తమిళనాడులో బొప్పాయి పిండినల్లి బయటపడింది. బొప్పాయితో ఆగకుండా మల్బరీని, కర్రపెండలాన్ని కూడా పట్టుకుంది. ఒంటి మీద మైనం లాంటి పొర ఉండటంతో మందులకు ఒక పట్టాన లొంగలేదు. 2010లో బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ కీటక పరిశోధన సంస్థ, పిండినల్లి మీద బతికే చిన్న కందిరీగ జాతులను ప్యూర్టోరికో నుంచి తెప్పించి, పెంచి రైతులకు ఇచ్చింది. వాటిని వదిలిన చోటల్లా పిండినల్లి అదుపులోకి వచ్చింది. ఏ కంపెనీ డబ్బా చేయలేని పనిని ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ, కంటికి సరిగా ఆనని పురుగుతో చేయించింది. ప్రభుత్వ పరిశోధనకు నిధులు ఎందుకు కావాలని అడిగేవాళ్ళకు ఇదొక్కటి చెబితే చాలు.

ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పత్తి సాగు చేస్తూనే ఊరంతా కలిసి పురుగు మందులు మానేసి చూపించింది. ఒక రైతు ఒంటరిగా మానితే అది సాధ్యమయ్యేది కాదు. మన వేరుశనగ చేలలో ఎర్ర గొంగళి పురుగు సంగతీ అంతే. తొలకరి గట్టిగా పడిన రాత్రుల్లో దాని రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. ఊరంతా ఒకే రాత్రి గట్ల మీద మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే వేలాదిగా వచ్చి పడి చస్తాయి. ఒక్కడే వేస్తే పక్క చేలోవి తెల్లారేసరికి ఇటే వస్తాయి. పురుగుకు సర్వే నంబర్లు, గట్లు తెలియవు. దాన్ని ఎదుర్కోవడం కూడా ఒక్కో రైతు సొంత పని కాదు, ఊరి పని.

మందులన్నీ ఈ రోజే బావిలో పారేయమని మేం చెప్పడం లేదు. పంట చేతికొచ్చే సమయంలో పురుగు మితిమీరితే మందు కొట్టక తప్పని రోజులు ఉంటాయి. దాన్ని చివరి అస్త్రంగా దాచుకోవాలని, ఎప్పుడు వాడాలో చెప్పే తెలివి రైతు చేతిలో ఉండాలని అంటున్నాం.

మన డిమాండ్లు

పట్నం పిల్లలు టికెట్టు కొనుక్కుని పార్కులో నేర్చుకుంటున్నారు, మంచిదే. ట్యాంకు మోసే తండ్రి ఉన్న పిల్లకు ఆ చదువు ఇంకా ఎక్కువ అవసరం. అది ఆమె ఊళ్ళోనే దొరకాలి. అందుకని ఈ కింది డిమాండ్లను మండల, జిల్లా అధికారుల ముందు పెట్టాలని కోరుతున్నాం.

1. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఆ ఊరి పంటలకు వచ్చే మిత్ర, శత్రు పురుగుల పెట్టె, భూతద్దం, బొమ్మల పటాలు ఉంచాలి.

2. ప్రతి పంటకాలంలో వారానికొక రోజు పొలంబడి జరగాలి. పట్టాదారులతో పాటు కౌలు రైతులను, మహిళా రైతులను, కూలీలను పిలవాలి.

3. మందు అమ్మే ప్రతి దుకాణం పురుగు పేరు, మందు పేరు, మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసిన బిల్లు తప్పనిసరిగా ఇవ్వాలి. డబ్బా మీద తెలుగు అక్షరాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉండాలి.

4. ట్రైకోగ్రామా కార్డులు, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు సబ్సిడీపై విత్తనంతో పాటే అందాలి. పురుగు పంట తినేశాక ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

5. పక్క చేల మందుల వల్ల చనిపోయే పట్టుపురుగులకు, తేనెటీగలకు పరిహారం చెల్లించే ఏర్పాటు చేయాలి.

6. మందు కొట్టే కూలీలకు చేతి తొడుగులు, మాస్కులు, విషం పట్టినవారికి ఉచిత వైద్యం ఇవ్వాలి.

7. ప్రభుత్వ బడుల పిల్లలను పంటకాలానికి ఒక్కసారైనా చేనుకు తీసుకెళ్ళి పురుగుల పాఠం చెప్పాలి.

గ్రామ శాఖలు చేయాల్సింది

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖ ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఒక చేను ఎంచుకోవాలి. ఇంటిల్లిపాదీ రావాలి. చేనులో అయిదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కలు చొప్పున చూడాలి. ఆకు అడుగు భాగం తప్పక తిప్పాలి. పంటను తినే పురుగులెన్ని, వాటిని తినేవి ఎన్ని అని పిల్లలతో నోటు పుస్తకంలో రాయించాలి. శత్రు పురుగులు రెండింటికి మిత్ర పురుగు ఒకటి ఉంటే సాధారణంగా మందు అవసరం రాదన్నది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పే లెక్క. పంటను బట్టి, పురుగును బట్టి ఇది మారుతుంది కాబట్టి వ్యవసాయ సహాయకుడిని కూడా పిలవండి. రాకపోతే రాలేదని రాసిపెట్టండి, మండల కార్యాలయంలో అడగడానికి పనికొస్తుంది.

అదే రోజు ఇళ్ళలో ఉన్న డబ్బాల మీద త్రికోణం రంగు చూపించండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదని అర్థం కాదు, మిగిలిన వాటికంటే తక్కువ అని మాత్రమే. మల్బరీ రైతులు, పక్క చేల రైతులు కూర్చుని మందు కొట్టే రోజు, గాలి వాలు ముందే మాట్లాడుకోవాలి. గొడవ పడ్డాక పంచాయితీ పెట్టడం కంటే ఇది మేలు.

ఆరుద్ర కార్తెకు ముందే గ్రామ శాఖల సమావేశాలు పెట్టి తేదీలు ఖరారు చేయండి. పిల్లలు రాసిన లెక్కలను మండల కమిటీకి అందించండి. పోయినేడు ఎన్నిసార్లు మందు కొట్టాం, ఈ ఏడు ఎన్నిసార్లు కొట్టాం, ఎంత ఖర్చు తగ్గింది అన్న లెక్క పంట చేతికొచ్చాక ఊరి వారీగా తీద్దాం. అధికారుల ముందు మన డిమాండ్లకు ఆ లెక్కే బలమవుతుంది.